ఫ్లాస్కు అడుగున గాలి ఎంత?

ఈ మధ్య బందరులోనే ఒక కాలేజీలో బయోటెక్నాలజీ చదివే పిల్లలు నన్ను పిలిచి, లాబ్‌లో ఉద్యోగం ఎలా ఉంటుందో చెప్పమన్నారు. వేదిక మీద అరగంట మాట్లాడి, శాలువా కప్పించుకుని వచ్చేశాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. నేను చెప్పినదంతా నిజమే గాని, అందులో ఉద్యోగం మాత్రం లేదు. సైన్సు గొప్పతనం ఉంది, పట్టుదల ఉంది, దేశసేవ కూడా ఉంది. అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి రాబోయేవాళ్ళు చదువుకుంటే చాలు.

నా పేరు ఇందిర. పుట్టింది దివిసీమలో, నాగాయలంక దగ్గర. పనిచేసింది బందరులో ఒక ట్రస్టు ఆసుపత్రి వెనక, రెండు గదుల పరిశోధనశాలలో. లుకేమియా అంటే రక్తక్యాన్సర్. ఆ జబ్బున్నవాళ్ళ రక్తంలోంచి కణాలు తీసి, ఫ్లాస్కుల్లో పెంచి, వాటి లోపల ఏం జరుగుతోందో చూడడం నా పని. ఇలాంటివి హైదరాబాదులో ఉండాలి గాని బందరులో ఏమిటని అడగని బంధువు లేడు. నాకూ మొదట్లో ఆ అనుమానం ఉండేది. తర్వాత పనిలో పడి మర్చిపోయాను.

ఆ పనిలో నూటికి తొంభై పాళ్ళు ఎదురుచూడడం. మిగిలినది గిన్నెలు కడగడం, సీసాల మీద పేర్లు రాయడం. కణాలు గులాబీరంగు ద్రవంలో పెరుగుతుంటాయి. అది పసుపు రంగుకి తిరిగిందంటే వాటికి ఆకలేస్తోందని అర్థం. ఆదివారమైనా, పెళ్ళయినా, తుఫాను హెచ్చరికైనా వాటికి తెలియదు. మా చెల్లి పెళ్ళిలో తలంబ్రాలు పడే సమయానికి నేను పట్టుచీర మీద తెల్లకోటు వేసుకుని లాబ్‌లో ఉన్నాను. మా అమ్మ చాలా ఏళ్ళు ఆ మాట అంటూనే ఉంది.

వేసవిలో మా ఐసు మిషను తరచూ మొరాయించేది. కణాల్ని పగలగొట్టి లోపలి ప్రోటీన్లు తీసేటప్పుడు అంతా ఐసు మీదే జరగాలి. అందుకని స్కూటీ మీద గిలకలదిండి హార్బరుకి వెళ్ళి చేపల ఐసు తెచ్చుకునేదాన్ని. లాబ్‌కి వచ్చినవాళ్ళు ముక్కు ఎగబీల్చి, మీరు చేపల మీద కూడా పరిశోధన చేస్తారా అని అడిగేవాళ్ళు. నాంచారయ్య నాకు పరిచయమైంది ఆ ఐసు దగ్గరే. అతను బోటు సరంగు, అంటే బోటు నడిపే మనిషి. బోటు ఒడ్డున ఉన్న రోజుల్లో నా డబ్బాలోకి తనే ఐసు తోసిపెట్టేవాడు. కణాల కోసమని చెబితే, అదేం చేపండీ, మా వలలో ఎప్పుడూ పడలేదే అన్నాడు.

కుళాయి, రంధ్రం

కథ చెప్పేముందు ఒక్క విషయం అర్థం కావాలి. కష్టమేమీ కాదు.

మన కణాలకు చుట్టూ ఆక్సిజన్ ఎంత ఉందో కనిపెట్టే ఏర్పాటు ఒకటుంది. హిఫ్ అనే ప్రోటీను అందులో ముఖ్యం. వంటింటి సింకు ఊహించుకోండి. కుళాయి ఎప్పుడూ కొంచెం తిప్పే ఉంటుంది, అంటే కణం హిఫ్‌ని ఎప్పుడూ తయారుచేస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ సరిపడా ఉంటే అడుగున రంధ్రం తెరిచి ఉంటుంది. తయారైన హిఫ్ కొన్ని నిమిషాల్లోనే ముక్కలై పోతుంది. ఆక్సిజన్ తగ్గితే రంధ్రానికి మూత పడుతుంది. హిఫ్ నిండుతుంది. నిండిన హిఫ్, గాలి తక్కువైనా బతకడానికి కావలసిన సరంజామా అంతా కణం చేత సిద్ధం చేయిస్తుంది.

లుకేమియా కణాలు ఎముక మజ్జలో గాలి తక్కువగా ఉండే మూలల్లో దాక్కుని మందుని తట్టుకుంటాయి. అందుకు హిఫ్ వాటికి సాయపడుతుందని మేం అనుకునేవాళ్ళం. అదే మజ్జలో 'పెరగండి' అని కణాలకు చెప్పే ప్రోటీన్లు కూడా ఉంటాయి. వాటిని గ్రోత్ ఫ్యాక్టర్లంటారు. మా ప్రశ్న ఇదొక్కటే. గాలి తగ్గకుండానే, 'పెరగండి' అన్న కబురు ఒక్కటే హిఫ్‌ని నింపగలదా? రంధ్రం తెరిచే ఉండగా కుళాయినే ఇంకా తిప్పగలదా?

నింపగలిగితే, ఆ కబురుని ఆపే మందుతో కణాల సరంజామా లాగేసుకోవచ్చు. మా ఆశ అది.

శేషగిరిరావు గారు

మా డైరెక్టరు శేషగిరిరావు గారు. నేను చూసిన పై అధికారుల్లో ఆయన్ని మించిన గురువు లేడు. నా చేత ఒక పెద్ద తప్పు చేయించబోయింది కూడా ఆయనే.

గురువు సంగతి ముందు. చేరిన కొత్తలో హిఫ్ కోసం మొదటి ప్రయోగం చేశాను. ప్రోటీన్లను ఫిల్ము మీదకి ఎక్కిస్తే, హిఫ్ ఉన్నచోట నల్లటి గీత రావాలి. ఏమీ రాలేదు. మూడుసార్లు చేసినా అంతే. ఆయన నాలుగోసారి నా వెనకాల నిలబడి చూశారు. ఆక్సిజన్ తగ్గించి ఉంచే పెట్టెలోంచి ఫ్లాస్కు తీశాను, ఇంతలో ఫోన్ మోగింది, మా అమ్మతో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాను. ఆయన నవ్వి, మీ అమ్మగారు బాగున్నారు గాని హిఫ్ చచ్చిపోయింది అన్నారు. బయటి గాలి తగిలితే రంధ్రం తెరుచుకుంటుంది, అది మాయం కావడానికి ఆ రెండు ముక్కల సమయం చాలు. ఆ రోజు నుంచి ప్రయోగం చేసేటప్పుడు నా ఫోను ఆయన సొరుగులో ఉండేది. నా నోటుపుస్తకంలో ప్రతి పేజీలోనూ ఎర్ర పెన్సిలుతో 'ఎందుకు?' అని రాసేవారు. అంతకంటే ఎక్కువ ఎప్పుడూ రాయలేదు.

ఆయన బలహీనత చివరి ఏళ్ళలో బయటపడింది. దిగిపోయేలోగా పెద్దది ఒకటి కనిపెట్టాలన్న తొందర పుట్టింది. ఆ తొందరలో 'ఎందుకు?' అని రాయడం తగ్గింది. నేనూ గమనించలేదు. అడగకపోతే హాయిగానే ఉంటుంది కదా.

నల్లటి గీత

నాంచారయ్యకి జబ్బు అప్పుడే తేలింది. ఊరికే అలసట, కడుపులో ఎడమవైపు బరువు అని ఆసుపత్రికి వస్తే, తెల్లకణాలు విపరీతంగా పెరిగి ఉన్నాయి. అయితే అదృష్టం కొద్దీ అది మాత్రలతో లొంగే రకం. రోజూ మాత్ర వేసుకుంటే చాలా ఏళ్ళు మామూలుగా బతకొచ్చని డాక్టరమ్మ నచ్చజెప్పింది. మందు మొదలుపెట్టే ముందు, పరిశోధనకి కొంచెం రక్తం ఇస్తావా అని అడిగితే, మీ ఐసు రుణం తీర్చుకోండి అన్నాడు నావైపు చూసి. ఐసు ఇచ్చింది తనైతే రుణం నాదెలా అయిందో, ఆ రుణానికి రక్తం కూడా తనే ఎందుకిస్తున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ కణాలను నా విద్యార్థిని నస్రీన్, నేనూ కలిసి పెంచాం. నస్రీన్‌ది బందరే, పరాసుపేట. చేతులు స్థిరం, మాట తక్కువ. సగం ఫ్లాస్కుల్లో గ్రోత్ ఫ్యాక్టరు వేశాం, సగంలో వెయ్యలేదు. మర్నాడు ఫిల్ము చూస్తే వెయ్యనివాటిలో ఏమీ లేదు. వేసినవాటిలో గీత కాటుకలా ఉంది. ఈసారి కణాలు పెంచిన పెట్టెలో మామూలు గాలే ఉంది. గాలికి కొరత లేకుండానే హిఫ్ నిండిందన్నమాట. మళ్ళీ చేశాం. మళ్ళీ అదే గీత.

శేషగిరిరావు గారు ఆ ఫిల్ముని కిటికీ వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశారు. ఆ వారమే ఒక సదస్సుకి సారాంశం పంపించారు. గ్రోత్ ఫ్యాక్టరు ఒక్కటే లుకేమియా కణాల గాలి లెక్కని తారుమారు చేస్తుందని అందులో రాశాం. నస్రీన్ థీసిస్ మొత్తం దానిమీదే నిలబడింది.

నేను చేసిన తెలివితక్కువ పని ఇంకోటుంది. నాంచారయ్య మాత్రల కోసం వచ్చినప్పుడు, మీ రక్తం వల్ల కొత్త సంగతి బయటపడింది అని చెప్పాను. ఏంటండీ అని అడిగాడు. మీ కణాలు, ఉన్న గాలి తమకు చాలనట్టు ప్రవర్తిస్తున్నాయి అన్నాను. అతను తల ఊపి, హార్బరంతా చెప్పుకున్నాడు. నాకూ గర్వంగానే ఉండేది.

గుడివాడ పక్కన చెరువు గట్టు మీద

మా అక్కని గుడివాడ పక్క ఊరికి ఇచ్చారు. ఒక ఆదివారం పామర్రులో బస్సు మారి వెళ్ళాను. మా బావగారు వెంకటరత్నం గారు, ఒకప్పుడు వరి పండించిన పొలంలోనే ఇప్పుడు చేపల చెరువులు వేశారు. భోజనాలయ్యాక గట్టు మీద కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. నేను నా గొప్ప చెప్పుకున్నాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. కణం, కుళాయి, రంధ్రం అన్నీ అర్థమయ్యాయి. ఆయన చదువు ఇంటర్ దగ్గరే ఆగింది గాని, ముప్పై ఏళ్ళుగా నీళ్ళలో గాలి ఎంతుందో చూసుకుంటూ బతికిన మనిషి.

"మేత వేసిన కణాలకే గాలి చాలట్లేదంటావా?" అన్నారు.

మేత కాదు బావగారూ, గ్రోత్ ఫ్యాక్టరు అన్నాను.

"పేరు ఏదైతే ఏందమ్మా. మేత వేస్తే చేప హుషారవుద్ది. హుషారైతే గాలి ఎక్కువ లాగుద్ది. పైనీళ్ళలో మీటరు పెట్టి చూస్తే అంతా బాగానే ఉంటది. తెల్లారేసరికి అడుగు చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుంటాయి. నువ్వు గాలి ఎక్కడ కొలిచావు?"

"పెట్టెలో."

"పెట్టెలో కాదమ్మా. ఫ్లాస్కులో, నీళ్ళ అడుగున. కణాలుండేది అక్కడే కదా?"

కణాలు మునిగి ఫ్లాస్కు అడుగున కూర్చుంటాయి. పైన ద్రవం రెండు వేళ్ళ ఎత్తు పోసేవాళ్ళం, మాటిమాటికీ మార్చే పని ఉండదని. గాలి ఆ ద్రవంలోంచి నెమ్మదిగా దిగాలి. గ్రోత్ ఫ్యాక్టరు అందిన కణాలు మిగతావాటికంటే ఎక్కువ గాలి వాడుకుంటాయి. అంటే అడుగున గాలి నిజంగానే అయిపోయి ఉండొచ్చు. అదే జరిగితే మేం కనిపెట్టింది కొత్తదేమీ కాదు. గాలి తగ్గితే హిఫ్ నిండుతుందన్న పాత సంగతే.

మా అక్క ఇంకో రెండు గారెలు వడ్డించబోతే వద్దన్నాను. ఆవిడ కంగారుపడి, ఒంట్లో బాగోలేదా అని అడిగింది.

నస్రీన్ అడిగిన మాట

సోమవారం నస్రీన్‌కి చెప్పాను. చెప్పకుండా ఉండిపోదామని బస్సులో అనిపించిన మాట దాచను. సారాంశం వెళ్ళిపోయింది, పిల్ల థీసిస్ అయిపోవస్తోంది, డైరెక్టరు గారు సంతోషంగా ఉన్నారు. నేను నోరు మూసుకుంటే అడిగేవాళ్ళు లేరు.

నస్రీన్ ఏడవలేదు. "అడుగున కొలిచే మీటరు మన దగ్గర లేదు కదా మేడమ్?" అంది.

లేదు. వెతికితే విజయవాడలో తెలిసిన ఒక లాబ్‌లో దొరికింది. సన్నటి సూదిలాంటి పరికరం. ద్రవంలోకి అడుగుదాకా దించితే అక్కడ గాలి ఎంతుందో చెబుతుంది. పెట్టెలో ఉన్నంత గాలి పైనుంది, దిగేకొద్దీ తగ్గింది. గ్రోత్ ఫ్యాక్టరు వేసిన ఫ్లాస్కుల్లో అడుగున దాదాపు ఏమీ లేదు. మా బావగారి మాటే నిజమైంది.

అక్కడితో వదిలేస్తే అది కూడా తప్పే అయ్యేది. ఆ మాట అన్నది నస్రీనే. అడుగున గాలి తగ్గిందంటే గీత మొత్తం అందువల్లే వచ్చిందని కాదు కదా అంది. పల్చగా, ఒక పొరలా ద్రవం పోసి, కణాలు తక్కువ వేసి, వెడల్పాటి పళ్ళెంలో మళ్ళీ చేశాం. డీప్ ఫ్రీజరులో గడ్డకట్టించి దాచిన నాంచారయ్య కణాలు కొన్ని మిగిలే ఉన్నాయి. అడుగున సూది పెట్టే ఉంచాం. గాలి పడిపోయేలోగా, రెండు గంటల్లో ఆపేశాం.

కాటుక గీత పోయింది. దాని స్థానంలో పెన్సిలుతో గీసినట్టు సన్నటి గీత మిగిలింది. గాలి నిండుగా ఉన్నా అది ఉంది. గ్రోత్ ఫ్యాక్టరు వెయ్యనివాటిలో లేదు. ప్రోటీను తయారీని వేగం చేసే సంకేతాన్ని ఆపే మందు వేస్తే పోయింది. అంటే కుళాయి నిజంగానే కొంచెం తిరుగుతోంది. మేం చాటినంత కాదు, అందులో ఓ చిన్న పాలు. మిగతాదంతా అడుగున మూత పడడం వల్ల వచ్చింది.

చిన్నదే గాని, మాకు తెలిసిన మొదటి నిజం అది.

శేషగిరిరావు గారి గదికి ఇద్దరం వెళ్ళాం. రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టాను. సూది లెక్కలు చూపించాను. ఆయన సదస్సు అయ్యాక చూద్దాంలే అన్నారు మొదట. ఆ మాట అని తనే తల దించుకున్నారు. నేను నోటుపుస్తకం ఆయన ముందుకు జరిపాను. ఆయన ఎర్ర పెన్సిలు తీసి, పాత గీత అంటించిన పేజీలో, ఇన్నాళ్ళూ ఖాళీగా వదిలేసిన అంచులో 'ఎందుకు?' అని రాశారు. సారాంశం వెనక్కి తీసుకునే ఉత్తరం ఆయనే రాసి, తప్పు తనదని పెట్టారు. అది మా ముగ్గురిదీ. అందులో నా వాటా ఎక్కువ, ఎందుకంటే ఫ్లాస్కులో ద్రవం పోసింది నేను.

నస్రీన్ థీసిస్ ఏడాదికి పైగా వెనకబడింది. కొత్తగా రాసినది సగం లావే ఉంది. పిల్లలూ, ఈ పనిలో మీకు ఎవరో ఒకరు తొందర చూపిస్తారు. వాళ్ళు చెడ్డవాళ్ళే కానక్కర్లేదు, మీకు ఇష్టమైనవాళ్ళే కావచ్చు. అప్పుడు ఇంకో ఆరు నెలలు పనిచేయడం కంటే, ఒక్క ప్రశ్న పైకి అడగడమే కష్టంగా ఉంటుంది.

గిలకలదిండి

ఇదంతా జరుగుతుండగా డాక్టరమ్మ నాకు కబురు పెట్టింది. నాంచారయ్య రక్తంలో తెల్లకణాల లెక్క దిగి, మళ్ళీ ఎక్కుతోందట. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నాడా అని అడిగితే ఔననీ కాదనీ అనడంలేదట. నీకు తెలిసిన మనిషి కదా, ఓసారి మాట్లాడు అంది.

హార్బరుకి వెళ్ళాను. అతను బోటు పక్కన కూర్చుని వల సరిచేస్తున్నాడు. కొంచెం తటపటాయించాక అసలు సంగతి చెప్పాడు. మాత్ర వేసుకుంటే వికారంగా ఉంటోంది, అందుకని రోజు విడిచి రోజు వేసుకుంటున్నాడు.

"గాలి చాలట్లేదని మీరే అన్నారు కదండీ," అన్నాడు. "సముద్రం మీదున్నంత గాలి ఊళ్ళో యాడుంటది. వారం వారం వేటకెళ్తన్నాను. గాలే మందనుకున్నా."

లాబ్‌లో తప్పు చేస్తే ఫిల్ము పాడవుతుంది, పరువు పోతుంది, ఏడాది పోతుంది. ఈ తప్పు ఒక మనిషి ఒంట్లో తిరుగుతోంది. పైగా ఆ మాట నేను ఏదో సరదాగా, గొప్ప కోసం అన్నది.

వల పక్కనే కూర్చుని మొత్తం చెప్పాను. గాలి మాట ఫ్లాస్కులో కణాల గురించి, అతని ఊపిరి గురించి కాదన్నాను. అదీ సగానికి పైగా మా పొరపాటేనన్నాను. చేపల చెరువు అడుగు సంగతి చెబితే వెంటనే అర్థమైంది. వికారానికి మందు ఉందనీ, డాక్టరమ్మని అడగడానికి మొహమాటపడొద్దనీ చెప్పాను. మాత్ర మాత్రం ఒక్క రోజు కూడా మానకూడదన్నాను.

"అయితే నా నెత్తురుతో తేల్చింది తప్పేనాండి?" అన్నాడు. అతని మొహం చిన్నబోయింది. హార్బరంతా చెప్పుకున్నాడు కదా.

తప్పు మాది, మీ నెత్తురుది కాదు అన్నాను. అందులో చిన్న నిజం ఒకటి దొరికిందని కూడా చెప్పాను.

ఆ తర్వాత అతను మాత్ర మానలేదు. నెలనెలా లెక్క దిగుతూ వచ్చింది. నేను రోగులతో మాట్లాడే పద్ధతి మార్చుకున్నాను. మాకు తెలిసింది ఇంత, తెలియనిది ఇంత, మీరు చేయవలసింది మాత్రం డాక్టరు చెప్పిందే అని వరసగా చెప్పడం అలవాటు చేసుకున్నాను. వినేవాళ్ళకి అది చప్పగా ఉంటుంది. ఉండనీ.

నస్రీన్ థీసిస్ పూర్తయ్యే రోజుల్లో, ఆ సన్నటి గీతని ఇంకోసారి సరిచూడాల్సి వచ్చింది. దాచిన కణాలు అయిపోయాయి. అదే వారం నాంచారయ్య ఆసుపత్రికొచ్చాడు. లాబ్ గుమ్మం దగ్గర నిలబడి, డాక్టరమ్మ చెప్పింది, మీకు కణాలు కావాలంట కదా అని, చొక్కా చెయ్యి పైకి మడిచి చెయ్యి చాపాడు.

"ఈసారి సరిగ్గా చూడండమ్మా," అన్నాడు.

నేను అతని కొత్త రిపోర్టు చూశాను. తర్వాత నస్రీన్‌కి చూపించాను.

"మీ నెత్తురు ఇక మాకు పనికిరాదు నాంచారయ్యా," అన్నాను. "మేం వెతికే కణాలు అందులో కనిపించట్లేదు."

అతను కాసేపు చాపిన చెయ్యి వైపే చూసుకున్నాడు. పనికిరాదన్న మాటకి మొదట నొచ్చుకున్నట్టే కనిపించాడు. తర్వాత మెల్లగా అర్థమైంది. చొక్కా చెయ్యి కిందికి దించుకుని, గుండీ పెట్టుకుని, నవ్వుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.